జాతివివక్ష పాఠానికి ఏ వీడియో చూపించాలి?

ప్రశ్న: రాజంపేట దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. జాతివివక్ష అంటే ఏమిటో తొమ్మిదో తరగతి పిల్లలకు అర్థం కావాలని దక్షిణాఫ్రికా నేపథ్యంలోని ఒక సినిమా నుంచి పది నిమిషాల భాగాన్ని తరగతిలోని డిజిటల్ ప్యానెల్ తెర మీద చూపించాను. తెల్ల పోలీసు ఒక నల్లజాతి మనిషిని కొట్టే చోట వెనక బెంచీల నుంచి నవ్వులు వినిపించాయి. మర్నాడు ఒక అబ్బాయి తోటి విద్యార్థినిని 'ఆఫ్రికా' అని పిలిచాడు. ఇప్పుడు తరగతిలో ఆమెకు అదే పేరైపోయింది, ఆ అమ్మాయి బడికి రావడం తగ్గించింది. 'సిలబస్‌లో లేని తలనొప్పులు మనకెందుకమ్మా' అని ప్రధానోపాధ్యాయులు అంటున్నారు. నేను ఈ ప్రయత్నం మానుకోవాలా? మానకపోతే ఏం చూపించాలి, ఎలా చూపించాలి? మన దగ్గర కులం ఉండగా ఎక్కడో ఉన్న నలుపు తెలుపుల గొడవ ఎందుకని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

సమాధానం: మానుకోవద్దు. అయితే తరువాత ఏ వీడియో చూపించాలా అని వెతకడానికి ముందు ఆ అమ్మాయి సంగతి చూడండి. పాఠం నెల రోజులు ఆలస్యమైనా నష్టం లేదు గాని, తొమ్మిదో తరగతిలో బడికి రావడం తగ్గించిన ఆడపిల్ల విషయంలో మన ఊళ్లలో ఆ తరువాత ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనవసరం లేదు. ఆమె ఇంటికి మీరే ఒకసారి వెళ్లి రండి. ఆమెను తరగతిలో లేపి నిలబెట్టి ఓదార్చడం, ఆమె బాధను ఆమె చేతనే అందరి ముందు చెప్పించడం వంటివి మాత్రం వద్దు. 'నలుపు నారాయణ మెచ్చు' అనో, రంగు తక్కువైతేనేం ముఖంలో కళ ఉందనో ధైర్యం చెప్పేవాళ్లు ఆమెకు ఇంటి చుట్టుపక్కల చాలామందే ఉంటారు. ఆ ఓదార్పులన్నీ నలుపు ఒక లోపమని ముందే ఒప్పేసుకుంటాయి. ఆ పిలుపును ఆపించే బాధ్యత బడిదని, అందుకోసమే మీరు వచ్చారని ఆమె, ఆమె ఇంటివాళ్లు మీ నోటి నుంచి వింటే చాలు.

ఆ అబ్బాయిని కూడా విడిగానే పిలిచి మాట్లాడండి. ప్రార్థన సమయంలో అందరి ముందు క్షమాపణ చెప్పిస్తే ఒక తరగతిలో ఉన్న పేరు బడి అంతటికీ తెలిసిపోతుంది. చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉన్న ఇంకో మాట కూడా ఉంది. హాజరు పట్టీలో ఒకే పేరు గలవాళ్లు ఇద్దరుంటే ఒకణ్ని నల్ల రమేష్ అని, ఇంకొకణ్ని ఎర్ర రమేష్ అని పిలిచే అలవాటు మన బడుల్లో ముందు అయ్యవార్లకే ఉంది. మీ స్టాఫ్ రూమ్‌లో ఇది ఎంతవరకు నడుస్తోందో ఒక వారం పాటు గమనించండి. ఆ పిల్లవాడు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, పెద్దవాళ్ల దగ్గర చూసిన పద్ధతికి సినిమాలో విన్న ఒక దేశం పేరు తగిలించాడు.

ఇక నవ్వుల సంగతి. మన సినిమాల్లో చెంపదెబ్బ చాలాకాలంగా హాస్యానికి పనికొచ్చే వస్తువు, ఆ దెబ్బ తినేవాడు తరచుగా నల్లగానో, పొట్టిగానో, లావుగానో ఉంటాడు, ఆఫ్రికా మనిషి ఎప్పుడైనా తెర మీదికి వస్తే మత్తుమందులు అమ్మేవాడుగానో, విలన్ పక్కన నిలబడే వస్తాదుగానో వస్తాడు. పుట్టినప్పటి నుంచి ఇవే చూస్తున్న పిల్లల ముందు, కొట్టించుకుంటున్న ఒక నల్లని మనిషిని ముందూ వెనకా లేకుండా పెడితే వాళ్లు తమకు తెలిసిన పద్ధతిలోనే స్పందిస్తారు. అతని పేరేమిటో, ఏం పని చేసేవాడో, అతని ఇంట్లో ఎవరెవరున్నారో వాళ్లకు తెలియదు, తొలిసారి చూసినప్పుడే అతను దెబ్బలు తింటున్నాడు. నవ్వని పిల్లలకు కూడా ఆ పది నిమిషాల వల్ల కలిగింది జాలి మాత్రమే. జాలిపడే మనసుకూ వెక్కిరించే మనసుకూ మధ్య అనుకున్నంత దూరం లేదని నా అభిప్రాయం, రెండూ ఎదుటి మనిషిని కిందికి చూస్తూనే ఉంటాయి.

అందువల్ల దక్షిణాఫ్రికాతో మొదలుపెట్టకండి, పిల్లలకు కంఠతా వచ్చిన విషయంతో, అంటే క్రికెట్‌తో మొదలుపెట్టండి. 2021 జనవరిలో సిడ్నీలో జరిగిన టెస్టు మీ తరగతిలో సగం మందికైనా తెలిసి ఉంటుంది. బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తున్న హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్ ప్రేక్షకులు తనను దూషిస్తున్నారని ఫిర్యాదు చేశాడు, ఆట కొన్ని నిమిషాలు ఆగింది, కొందరు ప్రేక్షకులను పోలీసులు స్టాండ్ నుంచి బయటకు తీసుకుపోయారు. ఆ తరువాత క్రికెట్ ఆస్ట్రేలియా తన విచారణలో భారత ఆటగాళ్లు జాతివివక్షతో కూడిన దూషణకు గురైన మాట నిజమేనని తేల్చింది. సిరాజ్ అంపైర్ వైపు నడిచి వచ్చే దృశ్యం చిన్నదే, ఎలాంటి హింసా లేదు, తరగతిలో నిస్సంకోచంగా చూపించవచ్చు. ఆటో నడిపి కొడుకును క్రికెటర్‌ను చేసిన తండ్రి అంతకు ముందు నవంబరులోనే చనిపోయినా, సిరాజ్ ఇంటికి రాకుండా జట్టుతోనే ఉండిపోయాడన్న సంగతి కూడా చెప్పండి. అప్పుడు ఆ దూషణ మనలో ఒకడికి తగిలినట్టు పిల్లలకు అనిపిస్తుంది. వాళ్లకు కోపం రానివ్వండి.

మర్నాటి పీరియడ్‌లో రెండో సంగతి చెప్పండి. వెస్టిండీస్ కెప్టెన్‌గా రెండు టీ20 ప్రపంచకప్‌లు గెలిచిన డారెన్ సామీ ఐపీఎల్‌లో మన సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడాడు. జట్టులో తనను, శ్రీలంక ఆటగాడు తిసార పెరీరాను 'కాలూ' (హిందీలో నల్లోడు) అని పిలిచేవారని, అది బలవంతుడనే అర్థంలో మెచ్చుకోలు అనుకున్నానని, అసలు అర్థం చాలా కాలం తరువాత తెలిసి కోపం వచ్చిందని 2020 జూన్‌లో ఆయన బయటపెట్టాడు. అలా పిలిచినవారిలో ఒకరితో మాట్లాడానని, అతను అభిమానంతోనే అలా అన్నాడని తెలిసిందని కూడా ఆ తరువాత ఆయనే చెప్పాడు. ఈ రెండు సంగతులను బోర్డు మీద పక్కపక్కన రాసి పిల్లలను మాట్లాడనివ్వండి. 'మనవాళ్లు సరదాకి అన్నారు మేడమ్' అనే మాట ఎవరో ఒకరి నోటి నుంచి వచ్చి తీరుతుంది. ఆ మాటను కొట్టిపారేయకుండా బోర్డు మీద రాసి, సిడ్నీలో స్టాండ్‌లో కూర్చున్నవాళ్లను అడిగితే వాళ్లేమని ఉండేవారో చెప్పమనండి. సామీ అప్పుడు నవ్వాడు గనుక అతనికి బాధ కలగలేదని చెప్పవచ్చునా అని కూడా అడగండి. మీరు తీర్పు ఇవ్వకండి. గంట కొట్టేవరకు వాదన తెగకపోయినా పరవాలేదు. 'ఆఫ్రికా' అని పిలిచిన అబ్బాయి ఆ తరగతిలోనే ఉంటాడు, అతని పేరు ఎత్తనవసరం కూడా ఉండదు.

దీని తరువాత ప్రకటనలకు రండి. ఈ విషయంలో సినిమాల కంటే ముప్ఫై సెకన్ల ప్రకటనలే మంచి పాఠ్యవస్తువులని నేను నమ్ముతాను, ఎందుకంటే వాటిని మళ్లీ మళ్లీ ఆపి చూపించవచ్చు. మన దేశంలో 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీమ్ పాత ప్రకటనలు యూట్యూబ్‌లో దొరుకుతాయి. ఒకదాన్ని మొదట శబ్దం తీసేసి చూపించండి. మొదటి దృశ్యంలో ఆ అమ్మాయికి ఏం తక్కువైంది, చివరి దృశ్యంలో ఆమెకు ఏం దక్కింది, మధ్యలో ఆమె కొత్తగా ఏ విద్య నేర్చుకుంది అనే మూడు ప్రశ్నలు చాలు. మూడో ప్రశ్నకు జవాబు దొరకక పిల్లలు తమలో తామే నవ్వుకుంటారు, ఈసారి ఆ నవ్వు నవ్వవలసినదే. మహిళా సంఘాల ఫిర్యాదుల తరువాత 2003లో ఇటువంటి ప్రకటనలు కొన్ని ఆగిపోయాయని, రంగును బట్టి మనుషులను తక్కువ చేసి చూపకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమాలు పెట్టిందని, అమెరికాలో నల్లజాతివారి ఉద్యమం ప్రపంచమంతటా వినిపించిన 2020లో ఆ క్రీమ్ పేరు గ్లో అండ్ లవ్లీగా మారిందని చెప్పి, పేరుతో పాటు డబ్బాలోని సరుకు, ప్రకటనలోని కథ ఎంతవరకు మారాయో వాళ్లనే వెతికి రమ్మనండి. ఆదివారం పేపర్లలో వచ్చే వధూవరుల ప్రకటనలు కత్తిరించి తెమ్మంటే, వాటిలో ఎన్నింటిలో రంగు ప్రస్తావన ఉందో లెక్కపెట్టడం మీ గణితం మేడమ్‌కు కూడా పనికొచ్చే అభ్యాసం.

ఆపైన ఫోన్ కెమెరా. పిల్లల ముఖాలను ఫొటో తీయవద్దు, ప్రస్తుతం మీ తరగతి ఉన్న పరిస్థితిలో అసలే వద్దు. మీ ముఖాన్నే ఒకసారి బ్యూటీ మోడ్ పెట్టి, ఒకసారి తీసేసి ఫొటో తీసి, రెండింటినీ ప్యానెల్ మీద పక్కపక్కన చూపించండి. ముఖం ఎంత తెల్లబడిందో, మీరు అడగకుండానే కంపెనీవాడు అదే అందమని ఎలా నిర్ణయించాడో అక్కడే కనిపిస్తుంది. ఇది ఫోన్లతో పుట్టిన జబ్బు కాదు. ఫిల్ము రోజుల్లో రంగులు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకోవడానికి కొడాక్ సంస్థ ల్యాబులకు పంపిన కార్డుల మీద చాలాకాలం పాటు తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది, షిర్లీ కార్డులనే వాటి మీది ఆ స్త్రీ చర్మం రంగే కొలమానం, మిగతావాళ్ల ముఖాలు ఎలా వస్తే అలా. ఇటీవలి సంగతి చెప్పాలంటే, ముఖం చూసి ఆడా మగా అని గుర్తించే కొన్ని వాణిజ్య సాఫ్ట్‌వేర్లను జాయ్ బువొలమ్‌విని అనే పరిశోధకురాలు పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. ముదురు రంగు స్త్రీల విషయంలో తప్పులు 34.7 శాతం దాకా ఉండగా, తెల్లని పురుషుల విషయంలో 0.8 శాతం మించలేదు. రోజూ ఉదయం ముఖం చూపించి యాప్‌లో హాజరు వేసుకునే మీబోటి ఉపాధ్యాయులకు ఇది పూర్తిగా పరాయి విషయం కాదు. వీలైతే ఊళ్లో ఫొటో స్టూడియో నడిపేవారిని ఒక పూట బడికి పిలిచి, పెళ్లి ఆల్బంలో అమ్మాయి ముఖానికి కంప్యూటర్‌లో ఏం చేస్తారో చూపించమనండి. ఎందుకు చేస్తారని పిల్లలు అడిగితే అందరూ అలాగే అడుగుతారని ఆయన చెబుతాడు. ఆ 'అందరూ' ఎవరో ఇంటికి వెళ్లి ఆలోచించుకునే వయసు మీ పిల్లలకు వచ్చింది.

చర్మం రంగు మెలనిన్ వల్ల వస్తుందని, తరతరాలుగా మండే ఎండల్లో బతికినవారికి అది ఎక్కువగా ఉండటం శరీరానికి రక్షణేనని జీవశాస్త్రం సార్ ఒక పీరియడ్ చెబితే సరిపోతుంది.

ఇంత నేల దున్నిన తరువాత దక్షిణాఫ్రికాకు వెళ్లండి, కానీ ఆ కొట్టే దృశ్యం దగ్గరికి కాదు. 1976 జూన్ 16న అక్కడ నల్లజాతివాళ్లు ఉండే సొవెటోలో ఏం జరిగిందో చెప్పండి. నల్లజాతి పిల్లలు కొన్ని పాఠాలను పాలకుల భాష అయిన ఆఫ్రికాన్స్‌లోనే చదవాలని అప్పటి తెల్లవారి ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే, వేలాది మంది విద్యార్థులు యూనిఫాంలలోనే వీధుల్లోకి వచ్చారు, పోలీసులు కాల్పులు జరిపారు. తూటా తగిలిన హెక్టర్ పీటర్సన్ అనే 12 ఏళ్ల పిల్లవాణ్ని ఒక యువకుడు చేతుల్లో ఎత్తుకుని పరుగెత్తుతుంటే అక్క పక్కనే ఏడుస్తూ పరుగెత్తే ఫొటో ప్రపంచమంతా తిరిగింది. దాన్ని తీసిన సామ్ న్జీమా నల్లజాతి పత్రికా ఫొటోగ్రాఫర్, పోలీసులకు చిక్కకుండా ఫిల్మ్‌ను మేజోడులో దాచాడు, ఆ తరువాత పోలీసుల వేధింపులకు వృత్తినే వదులుకోవలసి వచ్చింది. మీ పిల్లలకు ఈ ఫొటో ఎందుకు పనికొస్తుందంటే, అందులో ఉన్నవాళ్లు తమ వయసువాళ్లు, బడి పిల్లలు, ఏ భాషలో చదవాలన్న విషయం మీద తిరగబడినవాళ్లు. తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం వాదనలు వింటూ పెరిగిన మన పిల్లలకు ఆ కోపం అర్థమవుతుంది. ఫొటోలో ఏముందో ముందు చెప్పి, చూడలేమన్నవారిని తల దించుకోనిచ్చి, ఆ తరువాతే చూపించండి. ఎవరు తీశారు, తీసినందుకు ఏం పోగొట్టుకున్నారు, ఈ ఫొటో లేకపోతే ప్రభుత్వం ఏమని చెప్పి ఉండేది అని అడగండి.

ఇదే ప్రశ్నను అమెరికాలోని మినియాపొలిస్ నగరానికి కూడా తీసుకుపోవచ్చు. 2020 మే 25న జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి పోలీసుల చేతుల్లో చనిపోయిన తరువాత పోలీసులు విడుదల చేసిన మొదటి ప్రకటన అతను అస్వస్థతతో ఉన్నట్టు గమనించి అంబులెన్స్ పిలిపించామని చెప్పింది. ఒక పోలీసు అతని మెడ మీద మోకాలు పెట్టి నొక్కిన సంగతి అందులో లేదు. దారిన పోతూ ఫోన్‌లో చిత్రీకరించిన 17 ఏళ్ల డార్నెలా ఫ్రేజియర్ వీడియో లేకపోతే చరిత్రలో ఆ ప్రకటనే మిగిలేది. 2021లో పత్రికా రంగంలో పేరున్న పులిట్జర్ బహుమతులిచ్చే మండలి ఆమెకు ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది. ఆ వీడియోను మాత్రం చూపించకండి, ఒక మనిషి ప్రాణం పోవడాన్ని తరగతి గదిలో చూడవలసిన పని లేదు. పోలీసుల ప్రకటనను మీరు తెలుగులో రాసి చదవండి, ఆ తరువాత వీడియోలో ఏమున్నదో నోటితో చెప్పండి.

మీరు వెతుకుతున్నప్పుడు ఇంకొకటి కూడా మీ కంటబడుతుంది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, 1968 ఏప్రిల్ 5న, అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జేన్ ఎలియట్ అనే ఉపాధ్యాయిని మూడో తరగతి పిల్లలను కంటి రంగును బట్టి రెండు గుంపులు చేసి, ఒక గుంపును ఎక్కువగా, ఇంకొక గుంపును తక్కువగా చూసింది. ఆ ఆటను తరువాత చిత్రీకరించిన వీడియో చూసిన ప్రతి ఉత్సాహవంతురాలైన ఉపాధ్యాయినికీ అదే ఆట ఆడించాలనిపిస్తుంది. మీరు ఆడించవద్దు. అక్కడ కంటి రంగు అనేది ఆ రోజు వరకు ఎవరికీ పట్టని విషయం గనుక ఆట ముగిశాక దాన్ని చెరిపేయగలిగారు. మన తరగతిలో ఎలా విడదీసినా, పేర్లను బట్టో, వీధులను బట్టో, కూర్చునే బెంచీలను బట్టో, అంతకు ముందే ఉన్న గీత మీదే మళ్లీ గీసినట్టవుతుంది.

కులం గురించి అడిగితే ఏం చెప్పాలన్నారు. అడిగితే సంతోషించండి, అంతకంటే మంచి ప్రశ్న ఈ పాఠంలో రాదు. రెండూ ఒకటేనని గాని, రెండింటికీ సంబంధం లేదని గాని తేల్చేయకండి. రాజ్యాంగం 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అని విడివిడిగా చెబుతుంది, విడివిడిగా చెప్పి అన్నింటి విషయంలోనూ వివక్షను నిషేధిస్తుంది. కులం మనిషి ముఖం మీద కనబడదు, అందుకే మనవాళ్లు ఇంటిపేరు అడుగుతారు, ఊళ్లో ఇల్లు ఏ వైపు అని అడుగుతారు. పుట్టుకతోనే ఒకరిని కిందికి నెట్టడంలో మాత్రం రెండూ ఒకే పని చేస్తాయి. అక్కడివాళ్లూ ఇక్కడివాళ్లూ ఈ పోలికను ఎప్పుడో గుర్తించారు. జోతిరావు ఫూలే 1873లో వెలువరించిన 'గులాంగిరి'ని బానిసత్వాన్ని రద్దు చేయడానికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితం ఇచ్చాడు. 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. కింగ్ 1959లో భారతదేశానికి వచ్చినప్పుడు కేరళలో దళిత విద్యార్థులు చదివే ఒక బడికి వెళితే, అక్కడి ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడిగా పిల్లలకు పరిచయం చేశాడట. మొదట మనసు చివుక్కుమందని, కాసేపు ఆలోచించాక అవును, నేనూ అంటరానివాణ్నే, అమెరికాలోని ప్రతి నల్లవాడూ అంటరానివాడే అనిపించిందని కింగ్ 1965లో ఒక ప్రసంగంలో చెప్పుకున్నారు. ఒక బడిలో జరిగిన ఈ సంఘటనను మీ బడిలో చదివి వినిపించండి. ఆ తరువాత మీ తరగతిలోని ఏ పిల్లవాడి అనుభవాన్నీ ఉదాహరణగా అడగకండి, తనంతట తాను చెబితే మాత్రం వినండి.

మీ ప్రాంతం గురించి ఒక హెచ్చరిక కూడా ఉంది. రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు వైపు ప్రతి తరగతిలోనూ అమ్మో నాన్నో కువైట్‌లో ఉన్న పిల్లలు ఉంటారు. అక్కడ ఇంటి పనివాళ్లను యాప్‌లలోను, ఇన్‌స్టాగ్రామ్‌లోను సరుకుల్లా అమ్మకానికి పెడుతున్నారని, ప్రకటనల్లో ఏ జాతివాళ్లో, ఏ దేశంవాళ్లో రాసి పెడుతున్నారని 2019లో బీబీసీ అరబిక్ పరిశోధన బయటపెట్టింది. జాతివివక్ష, మీడియా రెండూ కలిసి మీ పిల్లల ఇళ్ల దాకా వచ్చిన ఉదాహరణ ఇది, అందుకే దీన్ని తరగతిలో చూపించవద్దని చెబుతున్నాను. రాత్రి వీడియో కాల్‌లో తల్లి ముఖం చూసి పడుకునే పిల్లకు ఆ సంగతి ప్యానెల్ మీద తెలియకూడదు. మీరు మాత్రం తెలుసుకుని ఉండండి. ఎవరైనా పిల్లలు తమ అమ్మను అక్కడ ఎలా చూస్తున్నారో చెప్పడం మొదలుపెడితే, పాఠం ఆపి వినవలసి వస్తుంది.

ప్రధానోపాధ్యాయుల సంగతికి వస్తే, ఆయన భయం సిలబస్ గురించి కాదని, ఎవరో తల్లిదండ్రులు వచ్చి గొడవ పెడతారని నా అనుమానం. సమానత్వపు హక్కు, వివక్ష నిషేధం పౌరశాస్త్రంలో ఉన్నవే, మండేలా స్వీయచరిత్రలోని భాగం ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నదే. ఏ తేదీన ఏ వీడియో, ఎన్ని నిమిషాలు, ఏ పాఠానికి అనుబంధంగా అన్నది ఒక కాగితం మీద రాసి ముందే ఆయనకు ఇవ్వండి, తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో సిడ్నీ దృశ్యాన్ని వాళ్లకూ చూపించండి. పీరియడ్‌లో వీడియో ఎనిమిది నిమిషాలు మించకుండా చూసుకుని, ఇంగ్లీషు మాటలున్న చోట ఆపి తెలుగులో చెబుతూ, మిగతా సమయమంతా మాటలకే వదలండి. ప్యానెల్‌కు నెట్ అందని రోజుల కోసం అన్నింటినీ పెన్‌డ్రైవ్‌లో దింపి ఉంచుకోండి, లేకపోతే మధ్యలో వచ్చే ప్రకటనలు మీ పాఠాన్ని మింగేస్తాయి.